రెండో మంగళవారం

లారీకి తెల్లరంగు మానోంగ్ టిక్యో తన చేత్తోనే వేశాడు. మునిసిపల్ ఆఫీసు వెనక బాదంచెట్టు నీడన దాన్ని నిలబెట్టి, మూడు రోజులు ఉప్పుకాగితంతో పాత ఆకుపచ్చ రంగంతా గీకి, రెండు పూతలు పూశాడు. తలుపు మీది ‘రక్షణ దళం’ అన్న అక్షరాలు ఎంత గీకినా అడుగునుంచి నీడలా తేలుతూనే ఉన్నాయి. వాటి మీద మూడో పూత వేశాడు. ఆదివారం పూజ ముగిశాక ఫాదర్ అమాదోను దాదాపు చేయి పట్టుకుని లాక్కొచ్చి, లారీ చుట్టూ పవిత్రజలం చల్లించాడు.

“చక్రాల మీద కూడా చల్లండి ఫాదర్.”

“చల్లాను కదయ్యా.”

“వెనక ఎడమది మిగిలిపోయింది.”

ఫాదర్ నవ్వి, ఒంగి, ఆ చక్రం మీద నాలుగు చుక్కలు చల్లాడు. “టిక్యో, ఈ దీవెన లారీకా, నీకా?” అని మెల్లిగా అడిగాడు.

టిక్యో టోపీ తీసి చేతిలో పట్టుకుని తల వంచుకు నిలబడ్డాడు.

అసలు పేరు యుతీకియో సల్మోరిన్. విసాయా దీవుల్లోని మా రేవు పట్నంలో ఆ పేరు ఆయన భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ మానోంగ్ టిక్యో, అంటే టిక్యో అన్న. వయసు యాభై ఎనిమిది. అందులో ఇరవై రెండేళ్లు ఆ లారీ స్టీరింగు వెనకే గడిచాయి. ఊళ్లో పండగ వచ్చినా, మనీలా నుంచి పెద్దవాళ్లెవరైనా వస్తున్నా, ముందురోజు ఆ లారీ బయల్దేరేది. వీధుల్లో బతికేవాళ్లని ఎక్కించుకుని, ఊరి చివర రేకుల కప్పు ఉన్న ఆటస్థలంలో దింపేది. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక గేటు తీసి పొమ్మనేవారు. దానికి ‘రక్షణ’ అని పేరు పెట్టారు. మనుషులు తిరిగొచ్చేవారు గానీ వాళ్ల తోపుడు బళ్లు తిరిగొచ్చేవి కావు. పగలు సీసాలూ అట్టలూ ఏరుకునే బండే వాళ్లకి రాత్రి మంచం, వానొస్తే ఇల్లు. ఆ చెక్కలు ఆఫీసు వెనక పొయ్యిలోకి పోయేవి.

టిక్యో ఎవరి మీదా చేయి చేసుకున్నవాడు కాదు. ముసలివాళ్లకి చేయి అందించి ఎక్కించేవాడు. పసిపిల్లల తల్లుల్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. శనివారం శనివారం గుడికి పోయి పాపసంకీర్తనం చెప్పుకునేవాడు. కానీ లారీ నడిపింది తనే. ఒకరోజు చేపల బజారులో ఒక తల్లి ఏడుస్తున్న పిల్లని “నోరు మూస్తావా, టిక్యో లారీని పిలవనా?” అని బెదిరించడం ఆయన చెవిన పడింది. ఆ మధ్యాహ్నం ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుని, చేయి కడుక్కుని లేచిపోయాడు.

కిందటేడాది మునిసిపాలిటీలో సాంఘిక సంక్షేమం చూడ్డానికి రిసాలిన్ అనే ఆవిడ వచ్చింది. సన్నగా, గట్టిగా గాలి వీస్తే కొట్టుకుపోయేలా ఉండేది. మాట మాత్రం కదిలేది కాదు. వచ్చిన నెలలోనే అందర్నీ బజారు పైఅంతస్తులో ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. ఆరోగ్య కేంద్రం వాళ్లు, పోలీసులు, పేటల పెద్దలు, అన్నం పెట్టే కన్యాస్త్రీలు, రేవు వాళ్లు. అప్పటిదాకా ఎవరి జాబితా వాళ్లదే. ఒక జాబితాలో ఉన్న మనిషి ఇంకోదాంట్లో ఉండడు. ఒకడికి మూడు చోట్ల అన్నం, ఇంకొకడికి ఎక్కడా లేదు.

“ఇక నుంచి ఊరికంతటికీ ఒకటే జాబితా. ‘రక్షణ’ అన్న మాట మనలో ఎవరి నోటా రాకూడదు” అంది రిసాలిన్. రేవు పక్కన పాడుపడ్డ పంచదార గిడ్డంగిని బాగుచేసి నలభై రెండు గదులు కట్టించడానికి అందరి సంతకాలూ పెట్టించింది. గదులు కుటుంబాలకి. ఒంటరివాళ్లకి వచ్చే ఏడు ఇంకో మేడ. ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టారు. మనిషి రోజూ పడుకునేచోటే, రెండు మంగళవారాలు, తెల్లారి అయిదుకీ ఎనిమిదికీ మధ్య అధికారుల కంటపడాలి. ఇళ్లున్నవాళ్లు మధ్యలో దూరి గదులు కొట్టేయకుండా పెట్టిన నియమం అది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

జనాన్ని వెతికి చెప్పే పని రిసాలిన్ టిక్యోకి ఇచ్చింది.

“నన్ను చూస్తే పారిపోతారు మేడమ్.”

“పారిపోకుండా ఉండేదాకా తిరుగు మానోంగ్. ఎవరు ఎక్కడ పడుకుంటారో ఈ ఊళ్లో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?”

అలా ఆయన లారీ దిగి నడవడం మొదలుపెట్టాడు. మొదటివారం నిజంగానే అందరూ పారిపోయారు. అందరికన్నా ముందు పారిపోయేది మానాంగ్ సాలూద్, అంటే సాలూద్ అక్క. ఆవిడకి అరవై దాటాయి. పాత గుడి గోడ పక్కన, కొవ్వొత్తులు వెలిగించే చోట కరిగి కారిన మైనం గీరి, పోగుచేసి, మళ్లీ కొవ్వొత్తులు చేసేవాళ్లకి ఇస్తుంది. మొగుడు ఇసిద్రో ఒకప్పుడు రేవులో బస్తాలు మోసినవాడు. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. తోపుడు బండిలోనే పడుకోబెట్టి ఊరంతా తిప్పుతుంది. ఆఫీసు చొక్కాలో టిక్యో కనపడగానే మొగుడితో సహా బండిని గిర్రున తిప్పి సందులోకి మాయమయ్యేది.

టిక్యో వెంటపడలేదు. ఆఫీసు చొక్కా విడిచిపెట్టి, రోజూ పొద్దున్నే ఆ గోడకి పది అడుగుల దూరంలో, జావ అమ్మే బెబింగ్ బల్ల మీద వచ్చి కూర్చునేవాడు. అల్లం వేసిన వేడి జావ మూడు గిన్నెలు తీసుకుని, రెండు గోడ దగ్గర పెట్టి, వెనక్కొచ్చి తనది తాగేవాడు.

“ఏంటి మానోంగ్, ఈ వయసులో ప్రేమలో పడ్డావా? పొద్దు పొడిస్తే చాలు, ఆ గోడవైపే చూపు” అని బెబింగ్ వేళాకోళం చేసేది. అంటూనే ఆ రెండు గిన్నెల్లో అడుగున చెరో ముక్క కోడికూర వేసేది. అడిగితే “పొరపాటున పడిందిలే” అనేది.

తొమ్మిదో రోజు సందులోంచి సాలూద్ గొంతు వినపడింది. “ఏం రక్షకుడా, ఇవాళ ఎవర్ని రక్షించావు?”

“ఇవాళ ఇంకా ఎవరూ దొరకలేదు మానాంగ్.”

“జావలో ఉప్పు తక్కువైంది, ఆ బెబింగుకి చెప్పు.”

“నీ నోట్లో ఉన్న కారానికి ఉప్పు తెలుస్తుందా?” అని అరిచింది బెబింగ్.

బండిలోంచి ఇసిద్రో సగం నోటితో నవ్వాడు. “టిక్యో, నా అదృష్టం చూశావా. చెవుడు రావాల్సింది పోయి పక్షవాతం వచ్చింది.”

“నీకు చెవుడొస్తే నేనెవరితో మాట్లాడాలి?” అంటూ సాలూద్ బండిని తోసుకుంటూ వెలుగులోకి వచ్చింది.

గదుల సంగతి టిక్యో మెల్లిగా చెప్పాడు. కుటుంబం కింద రాయాలంటే పెళ్లికాగితం కావాలన్నాడు. సాలూద్ బండి పిడి వదిలి ఆయన వైపు తిరిగింది.

“మా పెళ్లికాగితం నీ లారీయే మింగింది. అయిదేళ్లయింది. పండగ ముందురోజు. నీలం బండి, వెనక మేరీమాత బొమ్మ. పరుపు కింద బిస్కట్ల డబ్బాలో పెట్టాను. కాగితం ఒక్కటి తీసుకోనివ్వమని నీ కాళ్లు పట్టుకున్నాను.”

టిక్యోకి గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా ఆ నీలం బండి గుర్తుకు రాలేదు. కాళ్లు పట్టుకున్నవాళ్లు ఎందరో. అందులో ఈవిడ మొహం ఏదో తేల్చుకోలేకపోయాడు. క్షమించమనడానికి కూడా మొహం చెల్లలేదు.

ఆ వారమంతా ఆఫీసు ముగిశాక గుడి కచేరీ గదిలోనే కూర్చున్నాడు. గుడి లెక్కలు చూసే ఫిలోమెనా అమ్మగారికి కళ్లు సరిగ్గా ఆనవు. చెదలు తిన్న పెళ్లిపుస్తకాలు ఒక్కొక్కటీ దించి, దుమ్ము దులిపి, ఆయన చదువుతుంటే ఆవిడ వింటూ ఉండేది. మధ్యలో ఆయనకి కాఫీ పోసేది, చూపు సరిగా లేక సాసర్లోకే ఎక్కువ పోసేది. ఆయన అదే తాగేవాడు. నాలుగోరోజు దొరికింది. ఇసిద్రో పానిసాలెస్, సాలూద్ అనే అమ్మాయి. మే నెల, వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై నాలుగు. నకలు రాయించి, ముద్ర వేయించి తీసుకెళ్లాడు.

సాలూద్‌కి చదువు రాదు. కాగితం మీద పేర్లున్న చోట వేలితో తడిమి చూసింది. “ఇదేనా ఈయన?” అంది.

“అదే నేను. అప్పట్లో నడిచేవాణ్ణి” అన్నాడు ఇసిద్రో.

మొదటి మంగళవారం అధికారులు కాలినడకన వచ్చారు. గోడ పక్కన బండి, బండిలో మొగుడు, పక్కన పెళ్లాం. రిసాలిన్ తన చేత్తోనే జాబితాలో వాళ్ల పేరు పక్కన గీత పెట్టింది. ఇసిద్రో మెట్లెక్కలేడని కిందే ఆరో నంబరు గది అనుకున్నారు. దాని కిటికీలోంచి రేవు కనపడుతుంది.

“పడవల్లోంచి బస్తాలు దించడం కనపడుతుందా?” అని అడిగాడు ఇసిద్రో.

“కనపడుతుంది.”

“అయితే నేను తప్పులు పట్టుకోవచ్చు. ఈ కాలం కుర్రాళ్లకి బస్తా భుజాన ఎట్లా ఎత్తుకోవాలో తెలీదు.”

మొగుడు ఇలా మాట్లాడుతుంటే సాలూద్ అటు తిరిగి మైనం గీరడంలో పడింది. ఆవిడ భుజాలు కదలడం టిక్యో చూశాడు, చూడనట్టే ఊరుకున్నాడు.

రెండో మంగళవారానికి ముందు మూడు రోజులు ఎడతెగని వాన. ముందురోజు సాయంత్రం మళ్లీ ఆ బల్ల చుట్టూ కూర్చున్నారు. కాగితాలు తడవకుండా డేరా కావాలి. జనం చలికి వణుకుతున్నారు, కన్యాస్త్రీలు జావ కాచి ఇస్తామన్నారు. గుడ్డలు, ప్లాస్టిక్ పట్టాలు ఉన్నాయి. ఇవన్నీ ఎట్లా మోసుకెళ్లడం?

“మన లారీ ఉందిగా” అన్నాడు టిక్యో.

రిసాలిన్ కలం ఆపి చూసింది. “మానోంగ్, లారీ వద్దేమో.”

“అది ఇప్పుడు పాత లారీ కాదు మేడమ్. తెల్లరంగు వేశాను. ఫాదర్ దీవించారు. వాళ్లని మోసిన లారీయే వాళ్లకి అన్నం మోసుకెళ్తే, ఆ దేవుడు కూడా సంతోషిస్తాడు.”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో ఉన్న వెలుగు చూసి ఎవరికీ కాదనబుద్ధి కాలేదు. అందరూ తలూపారు. రిసాలిన్ కూడా ఊపింది.

తెల్లవారి అయిదుంపావుకి లారీ గుడి వీధి మలుపు తిరిగింది. వెనక రెండు పెద్ద డేగిశాల్లో జావ పొగలు కక్కుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ ఇంజను దగ్గి, ఒకసారి ఆగినట్టయి, మళ్లీ గర్జించడం దానికి ఇరవై రెండేళ్ల అలవాటు. తెల్లరంగేమో గోడ మలుపు తిరిగితే గానీ కనపడదు. చప్పుడు మూడు వీధుల అవతలికే వినపడుతుంది.

టిక్యో మలుపు తిరిగేసరికి వీధి ఖాళీ. తడిసిన అట్టలు, ఒక చెప్పు, ఆరిపోని కొవ్వొత్తి ఒకటి. గోడ పక్కన బండి లేదు. లారీ ఆపి వానలో పరుగెత్తాడు. “నేనే! టిక్యోని! జావ తెచ్చాను!” అని సందు సందులోకీ అరిచాడు. తన పేరు విన్నకొద్దీ వాళ్లు ఇంకా దూరం పోతారన్న ఆలోచన ఆయనకి అరిచి అరిచి గొంతు పోయాక గానీ తట్టలేదు.

బెబింగ్ తడిసి ముద్దై నిలబడి ఉంది. “వంతెన వైపు తోసుకుపోయింది మానోంగ్. ఆగమన్నాను. ‘లారీ, లారీ’ అంటూ పోయింది. ఆయన మీద పట్టా కూడా లేదు.”

రిసాలిన్ ఎనిమిదింటిదాకా ఉండాల్సింది, పన్నెండింటిదాకా ఆ డేరా కిందే కూర్చుంది. పదకొండు కుటుంబాలు మెల్లిగా తిరిగొచ్చాయి. వాళ్లకి జావ పోశారు, గీతలు పెట్టారు. సాలూద్ రాలేదు.

టిక్యో మూడు రోజులు వెతికాడు. నాలుగోరోజు వంతెన దాటి, నది అవతల పక్క ఊళ్లో, చేపలు ఎండబెట్టే పాకల దగ్గర కనపడింది. కనపడగానే గుండె కుదుటపడింది. మరుక్షణం బండి ఖాళీగా ఉండటం చూశాడు. పక్కన చిన్న బల్ల, బల్ల మీద కొవ్వొత్తి, చేపలు ఆరబెట్టే ఆడవాళ్లు నలుగురు చుట్టూ కూర్చుని జపమాల చెబుతున్నారు.

సాలూద్ ఆయన్ని చూసి పారిపోలేదు. జపం పూర్తయ్యేదాకా ఆగి, లేచి, ఒక గిన్నెలో అన్నం, ఎండుచేప పెట్టి ఆయన చేతికిచ్చింది. “మూడోరోజు ఇవాళ. వచ్చినవాళ్లకి పెట్టకుండా పంపకూడదు. వీళ్లే వండారు. ఎవరో ఏమిటో కూడా తెలీదు నాకు. తిను.”

“మానాంగ్...”

“ఆ రోజు సాయంత్రమే ఆయాసం మొదలైంది. వానలో నానాడు కదా. ఇక్కడి ఆస్పత్రివాళ్లు బాగానే చూశారు. పెట్టె కూడా ఈ ఊరివాళ్లే ఇచ్చారు.”

టిక్యో గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “లారీలో జావే ఉంది మానాంగ్. పట్టాలున్నాయి. ఫాదర్ దీవించిన లారీ అది. తెల్లరంగు వేశాను.”

“నాకేం తెలుసు టిక్యో? ఫాదర్ చల్లిన నీళ్లు నా చెవిలో పడ్డాయా? నాకు తెలిసింది ఆ చప్పుడొకటే.” ఆవిడ గొంతులో కారం లేదు. అదే ఆయనకి భరించలేనిది అయింది. “నీ మీద కోపం లేదు. వినగానే కాళ్లు వాటంతట అవే లేచాయి. వంతెన దాటాక ఆయన అన్నాడు, ‘సాలూద్, ఇవాళ మంగళవారం కదే’ అని. అప్పుడు గుర్తొచ్చింది నాకు. వెనక్కి తిప్పుదామంటే చేతుల్లో బలం లేకపోయింది.”

ఆయన ఆ అన్నం తిన్నాడు. ప్రతి ముద్దా నీళ్లతో దింపుకుని, గిన్నె ఖాళీ చేసి, కడిగి ఇచ్చాడు.

బల్ల చుట్టూ మళ్లీ కూర్చున్నారు. తప్పు నాదేనని టిక్యో లేచి చెప్పాడు. లారీకి తలూపిన మనమందరిదీ అంది రిసాలిన్. పోలీసాయన, పేటల పెద్దలు, అందరూ ఒప్పుకుని, సాలూద్ రెండో మంగళవారం కూడా కనపడినట్టే గీత పెట్టించారు. ఎవరూ కాదనలేదు. అప్పుడు జాబితా రాసే గుమాస్తా నోరు పెగల్చుకుని అన్నాడు. “అమ్మగారూ, ఇది కుటుంబం కింద ఉంది. ఇప్పుడు ఆవిడ ఒక్కత్తే.”

ఒంటరివాళ్ల మేడ వచ్చే ఏడు. ఆ నియమం రాసింది రిసాలినే. ఒక్కరి కోసం మారిస్తే వరసలో ఉన్న పిల్లల తల్లి ఒకతి ఆగిపోతుంది. రిసాలిన్ సాలూద్ పేరుని కుటుంబాల వరసలోంచి తీసి, ఒంటరివాళ్ల వరసలో అందరికన్నా పైన రాసింది. సమావేశం అయ్యాక ఆవిడ మెట్ల మలుపులో గోడవైపు తిరిగి నిలబడి ఉంటే, టిక్యో తన చేతిరుమాలు మెట్టు మీద పెట్టి దిగి వెళ్లిపోయాడు.

నవదిన ప్రార్థనల చివరిరోజు ఆయన భార్యతో కలిసి నది దాటి వెళ్లాడు. సంగతి చెప్పాడు.

“వచ్చే ఏడుకా?” అంది సాలూద్. “ఆయన లేకుండా కిటికీలోంచి చూసి నేనేం చేస్తాను, బస్తా ఎట్లా ఎత్తాలో నాకు తెలీదు. నా సంగతి చూద్దాంలే. ఆ గది ఎవరికిచ్చారు?”

“గస్పార్ అని, వల లాగేవాడు. భార్య, ముగ్గురు పిల్లలు.”

“పిల్లలున్నారా. మంచిదే” అంది. అని ఆయన భార్య చేయి పట్టుకుని, ఎప్పటినుంచో తెలిసినదాన్ని పట్టుకున్నట్టు, వదలకుండా కూర్చుంది.

గదుల్లో చేరే రోజున సామాన్లు మోసే పని టిక్యోకే పడింది. లారీ తియ్యలేదు. కన్యాస్త్రీల చేతిబండి అడిగి తెచ్చుకున్నాడు. ఆరో నంబరు గదికి గస్పార్ సామాన్లంటే ఒక చాప, రెండు గిన్నెలు, ఒక దోమతెర. అవి లోపల పెట్టాడు. పిల్లలు కిటికీ ఊచలకి వేలాడి పడవల్ని చూస్తున్నారు. గస్పార్ భార్య మెర్లిందా గుమ్మం లోపల కాలు పెట్టడానికి భయపడుతున్నట్టు అక్కడే నిలబడింది.

“మానోంగ్, ఈ గది మాకంటే ముందు ఇంకెవరికో అనుకున్నారట. నిజమేనా? వాళ్లు మళ్లీ వచ్చి అడుగుతారా?”

టిక్యో నెత్తిన చెమట తుడుచుకున్నాడు.

“అడగరమ్మా. ఆయన పేరు ఇసిద్రో. రేవులో బస్తాలు మోసేవాడు. సాయంత్రం జపంలో ఆ పేరు కూడా తలుచుకోండి, చాలు.”

“ఇసిద్రో” అని మెర్లిందా ఒకసారి పలికి చూసుకుంది. తర్వాత చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి అడుగుపెట్టింది.

టిక్యో ఖాళీ బండి తోసుకుంటూ తర్వాతి కుటుంబం సామాన్ల కోసం మెట్లవైపు వెళ్లాడు. కొళాయి తిప్పిన పిల్లలు నీళ్లు వస్తున్నాయని అరుస్తున్నారు. ఆయన నడుస్తూనే కళ్లు చొక్కా చేతికి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.